మిషన్‌లో రోజు ఎలా గడుస్తుంది? చొక్కా కాలర్ నుంచి బాప్తిస్మం తొట్టి దాకా

గోదారి_గట్టు
మాది యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము, బయటివాళ్ళు మార్మన్లు అంటారు. మా బ్రాంచి, అంటే మా ఊరి చిన్న సంఘం నుంచి ఈసారి ముగ్గురు పిల్లలు సువార్త చెప్పే సేవకి, అంటే మిషన్‌కి వెళ్తున్నారు. ఇద్దరు ఎల్డర్లు (అబ్బాయిలు), ఒక సిస్టర్ (అమ్మాయి). భుజం తట్టి పంపేవాళ్ళు చాలామంది ఉన్నారు, పని నేర్పేవాళ్ళే తక్కువ. రోజు ఎలా నడుస్తుంది, ఎక్కడ పొరపాటు జరుగుతుంది, అందరూ "చిన్న అద్భుతాలు" అంటారే, అవి అసలు ఏమిటి? తెలిసినవాళ్ళు రాయండి. సొంత సాక్ష్యాలకు వేరే టాపిక్ ఉంది, ఇక్కడ పని మాటలు చాలు.

స్టేకు_గుమాస్తా
ముందు పాస్‌పోర్టు తీసి ఇంటిపేరు గడి చూడండి. మనవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకే గడిలో వేసినవి బోలెడు. కొన్నింట్లో ఇంటిపేరు ఉండాల్సిన చోట తండ్రి పేరు ఉంటుంది. మిషన్ దరఖాస్తు, వీసా, విమానం టికెట్, చివరికి జేబు మీది నల్ల బ్యాడ్జి, అన్నీ ఆ గడిని బట్టే వస్తాయి. "ఎల్డర్" పక్కన ఏ పేరు పడితే రెండేళ్ళు అదే పిలుపు. దిద్దించుకోవాలంటే దరఖాస్తు పెట్టకముందే చేయించాలి, తర్వాత అయితే అన్ని చోట్లా తేడా వస్తుంది.

ఎల్డర్లకు 24 నెలలు, సిస్టర్లకు 18. 2012 అక్టోబరులో వయసు తగ్గించారు, అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు 21 నుంచి 19కి (2025 నవంబరులో వాళ్ళకీ 18 చేశారు). అప్పటి నుంచి ఇంటర్ అవగానే బయల్దేరే పిల్లలు ఎక్కువయ్యారు. అంటే అన్నం వండటం, బట్టలు ఉతకడం రాకుండా వెళ్ళేవాళ్ళూ ఎక్కువయ్యారు. పంటి డాక్టరు దగ్గరికి ఇప్పుడే పంపండి. జ్ఞానదంతం ఎదురు తిరిగితే భాష రాని ఊళ్ళో చాలా అవస్థ. కళ్ళజోడు ఉన్నవాళ్ళు రెండోది చేయించుకుని చీటీ కూడా దాచుకోవాలి.

ఆరున్నర_గంట
రోజు లెక్క ఇది. 6:30కి లేవడం, ప్రార్థన, అరగంట వ్యాయామం. స్నానం, టిఫిను. 8 నుంచి చదువు: ముందు ఎవరిది వాళ్ళు, తర్వాత జతలో ఇద్దరూ కలిసి, కొత్త భాష అయితే దానికి విడిగా సమయం. పొద్దున్నే ఆ రోజు ప్రణాళిక వేసుకుని 10 ప్రాంతంలో బయటికి. రాత్రి 9కి గదికి, 10:30కి దీపం ఆర్పాలి. ఎండల వల్లో ఊరి అలవాటు వల్లో కొంత అటూ ఇటూ జరుగుతుంది, మిషనరీల బాధ్యత చూసే మిషన్ అధ్యక్షుడు చెప్పిందే లెక్క.

దెబ్బతినేది రాత్రి 9కీ 10:30కీ మధ్య. వంట, గిన్నెలు, ఉతుకు, డైరీ అన్నీ ఆ గంటన్నరలో దూర్చాలని చూస్తారు. నిద్ర 11:30 అవుతుంది, పొద్దున వ్యాయామం పోతుంది, చదువులో కునుకు, మధ్యాహ్నానికి చిరాకు. చొక్కాలు రోజూ ఉతకనక్కర్లేదు. ఆరు తెల్ల చొక్కాలు ఉంటే వారానికి రెండు ఉతుకులు సరిపోతాయి. కాని కాలరూ మణికట్టు మాత్రం విప్పిన రాత్రే తడిపి, బట్టల సబ్బు రుద్ది, పొద్దున దాకా అలా వదిలేయాలి. చెమట జిడ్డు ఒక్కసారి ఎండి పచ్చబడితే ఏ పొడీ దాన్ని వదిలించదు. నీలిమందు నాలుగు చుక్కలు చాలు, ఎక్కువైతే చొక్కా నీలం తిరుగుతుంది. నీలిమందును బకెట్లో బాగా కలిపాకే చొక్కా ముంచాలి.

వంటింటి_అక్క
అబ్బాయిలిద్దరికి వారానికి బియ్యం మూడు కిలోలు, కందిపప్పు ముప్పావు కిలో, నూనె అర లీటరు. నెలసరి డబ్బు చేతికి రాగానే ఈ మూడూ, ఉప్పూ కారం పసుపూ కొని పక్కన పెట్టేయండి. మూడో వారంలో జేబు ఖాళీ అయి బిస్కెట్ల మీద బతికే పిల్లలు ఉంటారు, ఆ స్థితి రాకూడదు.

పప్పుకి కొలత: ఒక గ్లాసు కందిపప్పు ఇరవై నిమిషాలు నానబెట్టి, రెండున్నర గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, చుక్క నూనె, నాలుగు విజిల్స్. ఉప్పూ చింతపండూ పప్పు ఉడికాకే వేయాలి, ముందే పులుపు పడితే పప్పు పలుకుగా ఉండిపోతుంది. కుక్కర్ ఆవిరి పోకముందే మూత లాగొద్దు నాన్నా. వెయిట్ కింది రంధ్రం వారానికోసారి సూదితో శుభ్రం చేయండి.

కంపానియన్, అంటే జతగా ఉండే మిషనరీ, మణిపూర్ నుంచి రావచ్చు, తమిళనాడు నుంచి రావచ్చు, అమెరికా నుంచీ రావచ్చు. కారం విడిగా పెట్టుకోండి. కూర ఒకటే వండి, తాలింపులో ఎండుమిర్చి వేయకుండా అతని వాటా తీసేసి, తర్వాత మీ వాటాకి కారం కలపండి.

నెల మొదటి ఆదివారం ఉపవాసం, వరసగా రెండు పూటలు, నీళ్ళు కూడా ఉండవు. శనివారం సాయంత్రం పచ్చడి మెతుకులు తిని మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నానికి తలనొప్పి ఖాయం. ఆ పూట పెరుగన్నం, అరటిపండు, నీళ్ళు బాగా. ఒంట్లో బాగాలేనివాళ్ళు ఉపవాసం ఉండాల్సిన పని లేదు.

మల్కాజిగిరి_మిత్రుడు
అక్కా, టీ సంగతి ఎవరూ ఎత్తలేదు. తెలుగు ఇళ్ళల్లో మొదటి గండం అదే కదా?

వంటింటి_అక్క
అవును తమ్ముడూ. మన సంఘం ఆరోగ్య నియమం, జ్ఞానవాక్యం, 1833 నాటిది, టీ కాఫీలు వద్దన్నది మనకు తెలుసు. ఆ ఇంటి అమ్మకు ఎలా తెలుస్తుంది? స్టవ్ వెలిగించాక "వద్దండీ" అంటే మనసు నొచ్చుకుంటుంది. ఏమీ పుచ్చుకోకపోతే ఇంకా తప్పు. అందుకని కూర్చోగానే మనమే నోరు తెరిచి అడగాలి: "అమ్మా, దాహంగా ఉంది, మంచినీళ్ళు ఇస్తారా?" అడిగింది ఇచ్చాక ఆమె మనసు నిండుతుంది, టీ మాట సగం ఇళ్ళల్లో రాదు. పాలు, మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు, బూస్టు ఏదైనా పర్లేదు. నీళ్ళ మీద అనుమానం ఉంటే "క్యాన్ నీళ్ళు ఉన్నాయా అమ్మా" అని అడగడం ఇప్పుడు ఎవరికీ తప్పు కాదు. పచ్చినీళ్ళతో చిలికిన మజ్జిగ మాత్రం కడుపుకి పడకపోవచ్చు, చూసుకోండి.

టీ అప్పటికే కప్పులో వచ్చేస్తే మొహమాటానికి గుక్క వేయొద్దు. "మేము టీ, కాఫీ తాగబోమని దేవుడికి మాట ఇచ్చామమ్మా, మీరు ఏమీ అనుకోవద్దు" అంటే చాలు. మన ఇళ్ళల్లో మాట అంటే గౌరవం ఉంది. శనివారాలు, కార్తీక సోమవారాలు ఒంటిపూట ఉండేవాళ్ళకి నియమం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

రెండు_సైకిళ్ళు
కంపానియన్ గురించి రాస్తాను, అన్నిటికంటే ఎక్కువ పని అక్కడే ఉంది. ఎవరితో ఉండాలో మన చేతిలో ఉండదు. ఆరు వారాలకోసారి జతలు, ఊళ్ళు మార్చే ట్రాన్స్‌ఫర్ల కబురు వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి 12 వారాలు ట్రైనర్ ఉంటాడు. ఇరవై నాలుగు గంటలూ ఒకరి కంటికి ఒకరు ఆనేంత దూరంలో, మాట వినపడేంత దూరంలో ఉండాలి.

గొడవలు పెద్ద విషయాల మీద రావు. స్నానాల గదిలో ఎంతసేపు, గిన్నెలు ఎవరు తోమాలి, ఫోను ఎవరి దగ్గర, ఇవే. వారం ప్రణాళిక చివర ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే పద్ధతి ఉంది, దాన్ని దాటేయకండి. ప్రార్థన చేసి, ముందు అతనిలో మెచ్చుకునేది ఒకటి పేరుపెట్టి చెప్పాలి. "నువ్వు మంచోడివి" కాదు, "మంగళవారం ఆ పెద్దాయన చెప్పేది చివరిదాకా విన్నావు" అన్నట్టు. ఆ తర్వాత ఇబ్బంది ఒకటి, ఒక్కటే. రెండోది వచ్చే వారానికి.

తెలుగు వచ్చినవాడు, రానివాడు జత అయితే వచ్చినవాడు పది నిమిషాలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడేస్తాడు, పక్కవాడు బొమ్మలా కూర్చుంటాడు. రెండు మాటలకోసారి ఆగి అందించాలి. మొదటి వారం నుంచే రానివాడికి ఒక భాగం అప్పగించండి, ప్రారంభ ప్రార్థన చాలు: తండ్రిని పిలవడం, కృతజ్ఞత, అడగడం, యేసు క్రీస్తు నామములో ఆమేన్. నాలుగు వాక్యాలు వారంలో వస్తాయి.

ఇంకోటి. లేఖనాలతో తెలుగు నేర్చుకున్నవాళ్ళకి "నీవు" అలవాటవుతుంది. ప్రార్థనలో అది సరైన మాటే. అదే నోటితో డెబ్భై ఏళ్ళ మామ్మని "నీవు ఎలా ఉన్నావు" అంటే ఇంట్లోవాళ్ళు ముఖాలు చూసుకుంటారు. కొత్తవాడికి మొదటి రోజే "అండి" నేర్పండి. ప్రతి వాక్యం చివర తగిలించినా పర్లేదు, తగ్గించడం తర్వాత నేర్చుకుంటాడు.

గోదారి_గట్టు
చాలా ఉపయోగం. సిస్టర్ వాళ్ళమ్మ ఒకటి అడగమన్నారు: ఇంటికి ఫోను ఎప్పుడు?

స్టేకు_గుమాస్తా
వారానికోసారి, ప్రిపరేషన్ డే నాడు, అంటే సొంత పనులకి ఇచ్చే రోజున. 2019 ఫిబ్రవరి 15 నుంచి ఫోను, వీడియో కాల్ రెండూ చేసుకోవచ్చు, అంతకుముందు ఏడాదికి రెండుసార్లే ఉండేది. ప్రిపరేషన్ డే ఎక్కువ చోట్ల సోమవారం. అమ్మగారికి చెప్పండి: తేదీ, వేళ ముందే ఖాయం చేసుకుని ఆ వేళకి ఇంట్లో అందరూ ఉండేలా చూసుకోవాలి. బంధువుల గొడవలు, అప్పుల మాటలు ఆ కాల్‌లో ఎత్తొద్దు. బిడ్డ అక్కడి నుంచి ఏమీ చేయలేదు, వారమంతా అదే మోస్తుంది. నిజంగా కబురు చెప్పాల్సి వస్తే మిషన్ అధ్యక్షుడి ద్వారా చెప్పించండి.

మల్కాజిగిరి_మిత్రుడు
చిన్న అద్భుతాల మాటకి వస్తే, "మార్మన్లా మీరు?" అని అడిగినవాళ్ళకి ఏం చెప్పాలో కూడా ఎవరైనా కలిపి రాయండి.

పాత_డైరీ
పేరు సంగతి చిన్నది, ముందు అది. 2018లో సంఘం అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ ఆ ముద్దుపేరు వదిలి పూర్తి పేరు వాడమన్నారు. "యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము" అని నిదానంగా చెప్పండి. పొడుగ్గా ఉందని పరిగెత్తిస్తే వినేవాళ్ళకి "కడవరి" దగ్గరే మాట తప్పిపోతుంది.

అద్భుతాల విషయం నాకు చాలా ముఖ్యం, కాస్త ఎక్కువ రాస్తాను. మన దగ్గర ఇంటింటికీ తలుపు తట్టే పద్ధతి కాదు. సభ్యులు పరిచయం చేసినవాళ్ళు, రమ్మని పిలిచినవాళ్ళు, వాళ్ళ దగ్గరికే వెళ్తాం. కాబట్టి అద్భుతాలు కూడా చాలావరకు ఆ దారినే వస్తాయి: రాలేనన్న మనిషి వర్షానికి ఇంట్లోనే ఆగిపోవడం, పొరపాటున కలిపిన నంబరు ఆర్నెల్లుగా చర్చికి రాని సభ్యుడిది కావడం, ఒకరి కోసం వెళ్తే పక్కింటివాళ్ళు అప్పుడే ప్రార్థన కావాలనుకుంటూ ఉండటం.

ఇవి కనపడాలంటే రాసుకోవాలి. రాత్రి డైరీలో నాలుగు విషయాలు చాలు: తేదీ, చోటు, మనం అనుకున్నది, జరిగింది. "ఈ రోజు ప్రభువు గొప్ప కార్యం చేశాడు" అని ఒక్క వాక్యం రాస్తే ఏడాది తర్వాత చదివితే ఏం జరిగిందో మీకే గుర్తుండదు. "4:30కి రాంబాబు గారింటికి అనుకున్నాం, తాళం ఉంది, మెట్లు దిగుతుంటే కింద వాటావాళ్ళు పిలిచారు" అని రాస్తే అది నిలుస్తుంది. పేర్లు మీ డైరీ వరకే. ఇంటికి రాసే ఉత్తరంలో, వాట్సాప్‌లో వాళ్ళ పేర్లు, ఫోటోలు పెట్టకండి. వాళ్ళ ఇంట్లో అన్నదమ్ములకి ఇంకా తెలియకపోవచ్చు.

ఎదుటి మనిషి ముఖం మీద "ఇది అద్భుతం, చూశారా" అనకండి. వాళ్ళ జ్వరం తగ్గితే వాళ్ళే చెప్పుకోవాలి. అద్భుతాలని బాప్తిస్మాల లెక్కతో కొలవొద్దు. అలా కొలిచిన పిల్లలు అంకె తగ్గిన నెలలో కుంగిపోతారు, అంకె పెరిగిన నెలలో మనుషుల్ని తొందరపెడతారు.

అంకె చిన్నగా ఉన్నా దారి పడుతుందనడానికి మన హైదరాబాదే సాక్ష్యం. ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవాలో సంఘంలో చేరి, 1978 డిసెంబరులో ప్రత్యేక మిషన్ మీద హైదరాబాదు వచ్చి సొంత బంధువులకే బోధించారు. 2012లో దేశంలోనే మొదటి స్టేకు, అంటే చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసిన పెద్ద విభాగం, ఏర్పడింది అదే ఊళ్ళో. మధ్యలో 34 ఏళ్ళు.

తెల్ల_దుస్తులు
నేను బాప్తిస్మం తొట్టి గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఏడాది బోధ ఆ రోజు తయారీ లేక గందరగోళం కావడం బాధగా ఉంటుంది.

తేదీ అనుకునే ముందు: ఇంటర్వ్యూ బోధించిన మిషనరీలు చేయరు, మిషనరీల్లోనే కొన్ని జతల్ని చూసుకునే డిస్ట్రిక్ట్ లీడరో జోన్ లీడరో చేస్తారు. పెళ్ళయినవారికి భర్త లేదా భార్య సమ్మతి కావాలి, మైనర్లకి తల్లిదండ్రులది. మతమార్పిడి చట్టాలున్న రాష్ట్రాల్లో ఏం చేయాలో బ్రాంచి అధ్యక్షుడిని అడగకుండా అడుగు వేయొద్దు.

నీళ్ళు: నిలబడితే బాప్తిస్మమిచ్చేవాడి నడుము దాకా ఉండాలి. ముందు రోజు కుళాయి పది నిమిషాలు తిప్పి ఎన్ని సెంటీమీటర్లు పెరిగిందో గోడ మీద కొలవండి. పది నిమిషాలకి 5 వస్తే 90 సెంటీమీటర్లకి మూడు గంటలు. ఎండాకాలం ట్యాంకులో అన్ని నీళ్ళు ఉండవు, ట్యాంకర్ ముందే చెప్పాలి. నిండుతున్నంతసేపూ పెద్దమనిషి ఒకరు అక్కడే ఉండాలి, పిల్లలు ఆడుకుంటూ వస్తారు. అయిపోగానే ఖాళీ చేసి తలుపుకి తాళం.

దుస్తులు: మందపాటి తెల్ల గుడ్డ, తడిసినా లోపలిది కనపడకూడదు. తెల్ల చుడీదార్ గాలి పట్టి నీటి మీద తేలుతుంది. జిప్ ఉన్న వన్‌పీస్ మేలు. జడ కింద దాకా అల్లి చివర రబ్బరు బ్యాండ్ వేయాలి, విడిచిన జుట్టు నీటి మీదే ఉండిపోతుంది.

నీళ్ళలో: ఇచ్చేవాడి ఎడమ చెయ్యి పుచ్చుకునేవారి కుడి మణికట్టుని పట్టుకుంటుంది. వారు ఎడమ చేత్తో అతని ఎడమ చేతిని పట్టుకుంటారు. అతను కుడి చెయ్యి పైకెత్తి, పూర్తి పేరు పిలిచి, ప్రార్థన చెప్తాడు. ఆమేన్ తర్వాత వారు కుడి చేత్తో ముక్కు మూసుకుంటారు, అతను కుడి చెయ్యి వీపు మీద పైన ఆనించి వెనక్కి ముంచుతాడు. మోకాళ్ళు మడవమని ముందే చెప్పండి. కాళ్ళు బిగబట్టి నిలబడితే మడమ జారి పాదం పైకి లేస్తుంది. పాదమో, జుట్టు కొసో, దుస్తుల అంచో తేలితే మళ్ళీ చేయాలి. ప్రార్థనలో మాట తప్పినా మళ్ళీ. పొడుగు మనిషికి పొట్టి ఎల్డర్ అయితే పొడి నేల మీద మూడు నాలుగుసార్లు సాధన చేయించండి.

సాక్షులు ఇద్దరు. 2019 అక్టోబరు నుంచి బాప్తిస్మం పొందిన సభ్యులెవరైనా, ఆడవాళ్ళయినా పిల్లలయినా, నిలబడవచ్చు. ఒకరు తల వైపు, ఒకరు పాదాల వైపు నిలబడితే ఏదీ తప్పిపోదు.

స్టేకు_గుమాస్తా
ఒకటి కలుపుతాను. పూర్తి పేరు అంటే రికార్డు ఫారంలో ఉన్నట్టే. "వెంకట సత్య సూర్యనారాయణ మూర్తి" లాంటి పేరుని నీళ్ళలో నిలబడి గుర్తు చేసుకోవడం కుదరదు. అట్ట మీద పెద్ద అక్షరాలతో పేరూ ప్రార్థనా రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, సాక్షి చేతికివ్వండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా ముందే ఆ మనిషిని అడిగి ఖాయం చేసుకోండి.

గోదారి_గట్టు
రోగులకి ప్రార్థన చేయమని పిలుస్తారు కదా, ఆ నూనె గురించి కూడా.

తెల్ల_దుస్తులు
ఆలివ్ నూనె మాత్రమే, కొబ్బరి, నువ్వులది పనికిరాదు. వంటకి అమ్మే శుద్ధమైన సీసా చాలు. మెల్కీసెదెకు యాజకత్వం (సంఘంలో పై స్థాయి యాజకత్వం) ఉన్నవారు మూత తీసి ప్రతిష్ఠించాలి. ప్రతిష్ఠ నూనెకే, సీసాకి కాదు. తాళాల గుత్తికి తగిలించే చిన్న గొట్టం లోపలి రబ్బరు వాషరు ఎండకి గట్టిపడి కారుతుంది, చొక్కా జేబు పాడవుతుంది. ఆర్నెల్లకోసారి చూడండి, ముక్క వాసన వస్తే మార్చేయండి.

ఒకరు నడినెత్తి మీద ఒక చుక్క వేసి, చేతులుంచి, పూర్తి పేరు పిలిచి, ఏ అధికారంతో అభిషేకిస్తున్నారో చెప్తారు. రెండోవారు ఆ అభిషేకాన్ని ముద్రించి, అంటే ఖాయపరచి, ఆశీర్వదిస్తారు. ఆడవాళ్ళు మాత్రమే ఉన్న ఇంటికి ఎల్డర్లు ఇద్దరే వెళ్ళకూడదు, సభ్యుల్లో ఒకరిని వెంట తీసుకెళ్ళండి. బయటికి వచ్చేముందు "మందులు మానకండి, డాక్టరు చెప్పిన రోజుకి వెళ్ళండి" అని ఆ ఇంట్లో బాధ్యత ఉన్నవారికి చెప్పాలి. ఈ మాట ఎన్నడూ మరవొద్దు.

రెండు_సైకిళ్ళు
చివరిగా ట్రాన్స్‌ఫర్ రోజు. బ్యాగు సర్దే హడావిడిలో ఏరియా వివరాలు సగం రాసి వదిలేస్తారు. తర్వాత వచ్చేవాడికి ఊరంతా చీకటి. పేరు, వీధి రాస్తే సరిపోదు. ఏ పూట ఇంట్లో ఉంటారు, ఎవరికి చెవులు సరిగా వినపడవు, ఏ పాఠం దగ్గర ఆగారు, ఏ ప్రశ్నకి జవాబు బాకీ ఉంది, ఇవి రాయాలి. ఉదాహరణకి ఇలా:

"రేకుల షెడ్డు దాటాక నీలం గేటు. మామ్మకి చూపు తక్కువ, పేరు చెప్పి పిలవండి. ముందు గేటు దగ్గర కుక్క ఉంటుంది, సందులోంచి వెళ్ళండి. కోడలు మంగళవారం మధ్యాహ్నం ఖాళీ. పోయిన కొడుకుని మళ్ళీ చూస్తానా అని అడిగారు. ఆ పాఠం ఇంకా చెప్పలేదు."

పాత_డైరీ
ఆ చివరి మాట చదివే కొత్త ఎల్డర్ మంగళవారం సందులోంచి వెళ్ళి తలుపు దగ్గర పేరు చెప్తాడు. నేను డైరీలో నాలుగు విషయాలు అన్నాను, ఐదోది కలుపుకోండి: తర్వాత వెళ్ళేవాళ్ళు ఏం అడగాలి.